చీకోలో షేర్వుడ్ అడవి

"ఓ పాత సినిమా కోసం ఇంత దూరమా, బావా?" అంటూనే మా బావమరిది కారును శాక్రమెంటో నుంచి ఉత్తరానికి తిప్పాడు. హైవే 99 వెంట బాదం తోటలు, వాల్‌నట్ తోటలు. గంటన్నరకు చీకో చేరాం.

ఎరల్ ఫ్లిన్ నటించిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్‌హుడ్'లో మనం చూసే ఇంగ్లండులోని షేర్వుడ్ అడవి నిజానికి ఈ కాలిఫోర్నియా ఊళ్లోని బిడ్‌వెల్ పార్కు. 1937 శరదృతువులో వార్నర్ బ్రదర్స్ బృందం ఇక్కడ మకాం వేసింది. పార్కు అన్నారు కదా అని బెంచీలూ పూలమొక్కలూ ఊహించుకోకండి. 1905లో ఆనీ బిడ్‌వెల్ ఊరికి రాసిచ్చిన నేలతో మొదలై, ఇప్పుడది మూడున్నర వేల ఎకరాలు దాటింది. ఓక్‌లు, సికమోర్‌లు, వాటిని అల్లుకున్న అడవి ద్రాక్ష తీగలు. నడుమ బిగ్ చీకో క్రీక్ అనే వాగు. లావుపాటి సన్యాసి టక్ వీపెక్కి రాబిన్ నీళ్లు దాటే హాస్యమంతా ఇక్కడిదే. సినిమాలో దొంగలు కొలువుతీరే మహావృక్షం హుకర్ ఓక్ మాత్రం 1977లో కూలిపోయింది. దాని పేరు ఆ ఆవరణకు మిగిలింది.

ఆ చెట్ల కింద తిరుగుతుంటే, ఈ సినిమా ఇంకా ఎందుకు పాతబడలేదో తెలిసింది. ఇందులో ఒళ్లు నిజం, ప్రమాదమూ నిజమే. విలుకాడు హోవార్డ్ హిల్ వదిలిన అసలు బాణాలు, దుస్తుల కింద ఉక్కు రేకు, దానిమీద మెత్తని బాల్సా చెక్క కట్టుకున్న స్టంట్ ఫైటర్ల గుండెల్లో దిగేవి. చివరి కత్తియుద్ధం స్టూడియోలో తీసిందే అయినా, ఫ్లిన్, ప్రతినాయకుడు బేసిల్ రాత్‌బోన్ స్వయంగా తలపడ్డారు. కాసేపు మనుషులు పక్కకు తప్పుకుని, స్తంభం మీద వాళ్ల నీడలే పోరాడతాయి. అసలు కత్తి తిప్పడంలో రాత్‌బోనే మేటి. పాపం, కథ ప్రకారం చావాల్సింది ఆయనే.

ఇంకోటి, నవ్వు. రాజుగారి జింకను చంపి భుజాన వేసుకుని, శత్రువుల విందులోకే నవ్వుతూ నడిచొస్తాడు రాబిన్. ఇప్పటి వీరులు పళ్లు కొరుకుతారు, అరుస్తారు. కాంతారావు కత్తి దూస్తే ఈలలు వేసిన మాకు ఆ ధీమా కొత్తకాదు. 1963లో విఠలాచార్య తీసిన 'బందిపోటు'లో రామారావుదీ ఇదే పోకడ.

సంగీత దర్శకుడు కోర్న్‌గోల్డ్ సంగతి చెప్పకుండా ఉండలేను. వియన్నాకు చెందిన ఈ యూదుడు 1938 మొదట్లో ఈ పని మీద హాలీవుడ్ వచ్చాడు. మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. ఆ సినిమా తన ప్రాణం కాపాడిందని తర్వాత ఆయనే అనేవాడు. ఆ సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది.

వెళ్లాలనుకుంటే అక్టోబరులో వెళ్లండి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. పార్కుకు టిక్కెట్టు లేదు. ముందుగా ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని సినిమా చూడండి. చూడకుండా వెళ్తే, మా బావమరిదికి కనిపించినట్టు, అక్కడ చెట్లే కనిపిస్తాయి.