డెబ్బై శాతం తగ్గింపు

కొట్టేసిన అంకె 5,999. పక్కన ఎర్రగా 1,799. తొడల మీద వెలిసినట్టు తెలుపు, మోకాలి దగ్గర కావాలని పెట్టిన చిన్న చిరుగు. ప్యాంటు పేరులో 'డిజైనర్' అన్న మాట రెండుసార్లు ఉంది. నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. హాస్టల్ రూములో నలుగురం ఒకే ఫోను చుట్టూ చేరి, ఆఫర్ అయిపోతుందేమో అన్న కంగారులో ఆర్డర్ పెట్టేశాం.

డబ్బులు నాయన్ను అడిగాను. మినీ ప్రాజెక్టుకి సామాన్లు కొనాలని చెప్పాను. మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఆ ఏడు ఊడలు దిగే టైముకి వాన మొహం చాటేసింది, శెనక్కాయ సగం కూడా చేతికి రాలేదు. అయినా నాయన ఏం సామాన్లు అని కూడా అడగలేదు. అరగంటలో ఫోన్‌పేలో 2,000 పడ్డాయి.

నాలుగు నెలలు వేసుకున్నాను. ఉగాదికి ఊరికి పోతూ ధర్మవరంలో బస్సు ఎక్కబోతే తొడల మధ్య పర్రుమంది. బ్యాగు వెనక అడ్డం పెట్టుకుని, ఊరికి పోకుండా నేరుగా మా మేనమామ ఇంటికి నడిచాను. ఆయన ముప్పై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు.

"యాడ కొన్న్యావురా అల్లుడూ ఇది?" అన్నాడు. నేను లుంగీ కట్టుకుని వచ్చేలోపల ప్యాంటును తిరగేసి పట్టుకున్నాడు. "చీరైనా ప్యాంటైనా ముందు ఎనకపక్క చూడాల" అని కిటికీకి ఎత్తి పెట్టాడు. నీలంగా ఉన్నచోట వెలుతురు రాలేదు. తెల్లగా వెలిసిన తొడ దగ్గర మాత్రం జల్లెడలా కనిపించింది.

తర్వాత అంచు మడతలోంచి రెండు దారాలు లాగాడు. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. పడుగు మూడు పేకల మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది, గుడ్డ మీద ఏటవాలు గీతలు కనిపించేది అందుకే. ఈ పడుగూ పేకా చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో వింటున్న మాటలే గానీ నా ఒంటి మీద ఉన్నదానికి కూడా వర్తిస్తాయని ఎప్పుడూ తట్టలేదు. నీలం దారం అంటిస్తే కాగితం కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద. తెల్లది మాత్రం ముడుచుకుని నల్లటి గట్టి పూసయింది. పాలిస్టర్! లేబుల్ మీద 'నూరు శాతం కాటన్' అని ఉంది.

న్యాయంగా చెప్పాలంటే చిరిగింది పాలిస్టర్ వల్ల కాదు. అది గట్టి దారమే, మన ఎండల్లో చెమట పీల్చదు, అంతే. ఇండిగో రంగు దారం పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. అందుకే జీన్స్ వాడేకొద్దీ వెలుస్తుంది. మనం ఏళ్ల తరబడి వాడితే వచ్చే ఆ వెలుపుని ఫ్యాక్టరీలో ఒక్కరోజులో తెప్పించాలంటే ఉప్పుకాగితంతో రుద్దాలి, బ్లీచింగ్ కొట్టాలి. దాంతో నూలు చస్తుంది. అంటే నేను కొత్త ప్యాంటు కొన్నాననుకున్నాను గానీ, సగం ఆయుష్షు ముందే ఎవరో వాడేసి పంపారు.

మిగతా పాఠం హాస్టల్లో నా రూమ్మేట్ చెప్పాడు. వాడిది రాయదుర్గం. బళ్ళారి పక్కనే గదా, అక్కడ వీధివీధికీ జీన్స్ కుట్టే మిషన్లు. వాడు నా ప్యాంటు చూసి రివెట్‌ని గోటితో గిల్లాడు, ఊడొచ్చింది. జేబు మూలలు చిరగకుండా రివెట్లు కొట్టడానికి జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ కలిసి 1873లో పేటెంట్ తీసుకున్నారు. నా ప్యాంటుకి అది బొట్టుబిళ్ల. తొడ లోపలి కుట్టు చూడమన్నాడు. రెండు అంచులూ ఒకదాంట్లో ఒకటి మడిచి జంటకుట్టు వేస్తే నిలుస్తుందట. నాదానికి ఉత్త ఓవర్‌లాక్. ప్యాంటును పరిచి చూస్తే పక్కకుట్టు మెలితిరిగి మోకాలి మీదికొచ్చింది. గుడ్డను పోగు దారిన కత్తిరించకపోతే ఉతికాక అలాగే తిరుగుతుందట.

ఇక ఆ 5,999 సంగతి. ఎం.ఆర్.పి. ఎంత వేయాలో నిర్ణయించుకునేది తయారుచేసినవాడే. తనే రాసుకున్న అంకెలోంచి తనే డెబ్బై శాతం కొట్టేస్తే మనకి మిగిలిందెంత? మూడేళ్లుగా ఇంజనీరింగ్ లెక్కలు చేస్తున్న నలుగురిలో ఒక్కడికీ ఈ లెక్క తట్టలేదు.

తర్వాత వాడితోనే బళ్ళారి పోయి, ముదురు నీలం ప్యాంటు ఒకటి 650కి తెచ్చుకున్నాను. వెలుపు లేదు, చిరుగు లేదు. అంగట్లో తిరగేసి, వెలుతురుకి పెట్టి, తడి కర్చీఫ్‌తో రుద్ది చూస్తుంటే ఆయన నవ్వి "టైలరా మీరు?" అన్నాడు. మూడో నెలలో జిప్పు పోయింది, అబద్ధమెందుకు. వేయించుకున్నాను. గుడ్డ మాత్రం ఏడాదిన్నరగా అట్లే ఉంది.

చిరిగినదాన్ని ఆ ఉగాదికే ఇంట్లో మూల పడేసి వచ్చాను. మొన్న సెలవులకి పోతే నాయన దాన్ని మోకాళ్ల దాకా కత్తిరించి, చిరుగు కుట్టించి, నడుముకి తాడు బిగించి, రాత్రి కరెంటొచ్చే టైముకి మోటారు వేయడానికి బయల్దేరుతున్నాడు.

"బాగుందప్పా ఇది, ముండ్లు దిగవు" అన్నాడు. టార్చి తీసుకుని, గడప దాటి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"అవునూ, ఆ పొద్దు డబ్బులడిగితివే, ఆ ప్రాజెక్టు పని అయిపోయెనా?"

"అయిపోయింది నాయనా" అన్నాను.