ఆకు రాలే కాలంలో అనంతగిరి

పాతబస్తీలో నివసించే మాబోటి వారికి మూసీ నది అనగానే ముందుగా జ్ఞాపకం వచ్చేది నీరు కాదు, వాసన. పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ వంతెనలు దాటేటప్పుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం ఇక్కడి వారికి చిన్ననాటి నుండీ అలవాటు. 1578లో కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రాహీం కట్టించిన పురానాపూల్ నేటికీ నిలిచి ఉంది. దాని కమానుల క్రింద పారేది మాత్రం నది అని చెప్పుకోవడానికి మనసొప్పదు. అయినా ఏ నది అయినా ఎక్కడో ఒక చోట నిర్మలమైన ఊటగా పుట్టవలసిందే కదా! మూసీ పుట్టే చోటు నగరానికి పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాదు పట్టణం చెంతనున్న అనంతగిరి కొండలు.

హిజ్రీ 1446 షాబాన్ చివరి రోజులవి, అనగా 2025 ఫిబ్రవరి నెలాఖరు. మద్రసాలో వార్షిక పరీక్షలు ముగిశాయి. రమజాను సెలవులకు విద్యార్థులు ఇళ్ళకు బయలుదేరే ముందు వారిని ఒక్క రోజు ఈ నగరపు గోడల నుండి బయటికి తీసుకొని వెళ్ళాలని మేము తలచాము. పద్దెనిమిది మంది పిల్లలు, ముగ్గురు ఉపాధ్యాయులము. ఫజ్ర్ నమాజు ముగించుకొని చిన్న బస్సులో బయలుదేరాము. ఆ పిల్లలలో అధికులు అడవిని పుస్తకంలోని బొమ్మలలో తప్ప చూసిన వారు కారు.

మెహదీపట్నం, లంగర్‌హౌజ్ దాటి చేవెళ్ళ మార్గం పట్టగానే రహదారికి ఇరువైపులా వందలాది మర్రిచెట్లు స్వాగతం పలుకుతాయి. నిజాముల కాలంలో బాటసారుల నీడ కొరకు నాటించినవని చెబుతారు. రహదారి విస్తరణలో వీటిని తొలగించాలా, కాపాడాలా అన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ చెట్ల క్రింద ప్రయాణిస్తున్నంత సేపూ కిటికీలో నుండి చల్లని గాలి వస్తూనే ఉన్నది. నీడను దాటి బయటికి రాగానే ఎండ చురుక్కుమన్నది. చెట్టు విలువ గురించి వేరే పాఠం చెప్పవలసిన పని లేకపోయింది.

వికారాబాదుకు ఆ పేరు పాయిగా వంశీయుడైన నవాబు వికారుల్ ఉమ్రా వలన వచ్చింది. పాతబస్తీలోని ఫలక్‌నుమా రాజభవనాన్ని నిర్మింపజేసిన ప్రముఖుడాయనే. పట్టణం దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళితే ఘాట్ మలుపులు మొదలవుతాయి. కొండ మీద అనంతపద్మనాభస్వామి ఆలయం ఉన్నది. చిరకాలంగా క్షయ రోగుల చికిత్సాలయమూ ఉన్నది. సరైన మందులు లేని రోజుల్లో స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారం ఇవే క్షయకు చికిత్స. పాతబస్తీ వృద్ధులలో కొందరు నేటికీ అనంతగిరి అనగానే విహారాన్ని కాక ఆ ఆస్పత్రినే తలచుకుంటారు.

మేము చేరిన సమయానికి అడవి సగం నగ్నంగా ఉన్నది. పచ్చని అడవిని ఊహించుకొని వచ్చిన పిల్లలు తెల్లబోయారు. "హజ్రత్, ఈ చెట్లన్నీ చచ్చిపోయాయా?" అని ఒక చిన్నవాడు అడిగాడు. టేకు, మద్ది, బూరుగ చెట్ల కొమ్మలు ఆకాశంలో గీతలు గీసినట్లు కనిపిస్తున్నాయి. కాలి క్రింద ఎండుటాకులు మోకాటిలో సగం దాకా ఉన్నాయి. ఒక్కొక్క టేకు ఆకు మా తరగతిలోని పలక కంటే పెద్దది.

చావు కాదది, పొదుపు. ఆకు చెట్టుకు అన్నం వండే వంటశాల. కాని ఆ వంట సాగుతున్నంత కాలం ఆకులోని సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరి అవుతూనే ఉంటుంది. వానలు వెనుకబడి, నేలలో తడి తగ్గినప్పుడు అంత ఖర్చు భరించే శక్తి చెట్టుకు ఉండదు. అప్పుడు ఆకులోని సారాన్ని చాలా వరకు కొమ్మలోకి వెనుకకు తీసుకుంటుంది. పచ్చదనం పోయి పసుపు, గోధుమ వర్ణాలు తేలుతాయి. తొడిమ మొదట బెరడు వంటి పలుచని పొర ఏర్పడుతుంది. దానితో గాయం ముందే మూసుకుపోయి, ఆకు చిన్న గాలికే ఊడి పడుతుంది. వీటిని ఆకురాల్చు అడవులు అంటారు. తెలంగాణ అడవులలో అధిక భాగం ఈ తరగతికి చెందినవే.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో స్థిరపడిన మా పూర్వ విద్యార్థి ఒకరు అక్కడి ఓక్ అడవుల చిత్రాలు అప్పుడప్పుడు పంపుతూ ఉంటారు. అక్కడా చెట్లు ఆకు రాలుస్తాయి. అయితే అది అక్టోబరు, నవంబరు మాసాల్లో, చలికి, కురచబడే పగటికి భయపడి. మన చెట్లు దాహానికి భయపడి మాఘ ఫాల్గుణాల్లో రాలుస్తాయి. అక్కడ వసంతంలో ఓక్ చిగుళ్ళు ముదిరి నీడ కమ్ముకొనే లోపుగా నేల మీద నీలి పువ్వులు తివాచీ పరిచినట్లు పూస్తాయట. ఇక్కడ పువ్వులు నేల మీద కాదు, కొమ్మల చివర. ఆకు ఒక్కటీ లేని మోదుగ చెట్టు నిండా నిప్పు రంగు పూలు విరిసి ఉన్నాయి. వాటి తేనె కొరకు గోరువంకలు, చిలుకలు పోట్లాడుకుంటున్నాయి. దేశాలు వేరు, కారణాలు వేరు, చెట్టుకు నేర్పబడిన సహనం ఒక్కటే.

దివ్యఖుర్ఆన్‌లోని అన్‌ఆమ్ సూరాలో రాలే ప్రతి ఆకూ సృష్టికర్త జ్ఞానంలో ఉన్నదన్న ప్రస్తావన పిల్లలకు కంఠస్థమే. మూడేళ్ళుగా వల్లిస్తున్న ఆ వాక్యాన్ని ఆ రోజు ఎవరూ బిగ్గరగా చదువలేదు. ఒక పెద్ద విద్యార్థి మాత్రం చాలా సేపు ఒకే చెట్టు క్రింద నిలబడి, రాలే ఆకులను చూస్తూ ఉండిపోయాడు. మేము అతనిని పిలువలేదు.

లోయలోకి దిగే బాటలో మోదుగాకులు ఏరుకుంటున్న ఒక వృద్ధురాలు ఎదురయింది. దగ్గరి తండాకు చెందిన లంబాడీ స్త్రీ. విస్తళ్ళు కుట్టడానికి ఆ ఆకులు. "ఏం సాబ్, పిల్లగాండ్లకు అడివి సూపనీకి తెచ్చిన్రా?" అని పలుకరించింది. ఎండాకాలంలో నీళ్ళు దొరుకుతాయా పెద్దమ్మా అని మేమడిగాము. "ఆకు ఉన్నకాడ నీళ్ళుంటయ్ సాబ్. ఆకు కాలినకాడ ఊట ఎండిపోతది" అన్నది. తరువాత మా చేతుల వైపు చూసి, "బీడీ గీడీ తాగేటోళ్ళు లేరు గద?" అని అడిగింది. లేరని చెప్పిన తరువాతనే దారి చూపించింది.

ఆమె మాటలో శాస్త్రం ఉన్నది. రాలిన ఆకు వ్యర్థం కాదు. తొలకరి చినుకుల దెబ్బ నేలకు తగలకుండా అది అడ్డుకుంటుంది. చెదలు, శిలీంధ్రాలు దానిని మెల్లగా మట్టిగా మారుస్తాయి. ఆ మెత్తని మట్టి వాన నీటిని పట్టి, క్రింది పొరలకు ఇంకిస్తుంది. వాన వెలిసిన ఎన్నో నెలల తరువాత అదే నీరు లోయలో ఊటగా బయటపడుతుంది. ఆకు కాలిపోతే, చెట్టు పోతే, అదే వాన ఎర్రమట్టిని కోసుకొని ఒక్క పూటలో క్రిందికి దూకుతుంది. ఊట ఉండదు, వరద ఉంటుంది. ఆ మట్టి వెళ్ళి చెరువులను పూడుస్తుంది.

ఈ మాట పాతబస్తీకి పరాయి మాట కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచివేసినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నూట యాభై మంది దాకా ప్రాణాలు నిలిపిందని నగరం ఇప్పటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటుంది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. వరదను ఆపడానికి, దాహం తీర్చడానికి కట్టిన ఆ రెండు జలాశయాలకూ ఎగువన ఉన్నవి ఈ కొండలు, ఈ అడవులే.

లోయ అడుగున, రాళ్ళ మధ్య, పారుతున్నదో నిలిచి ఉన్నదో తెలియనంత సన్నని నీటి పాయ కనిపించింది. పిల్లలు దాని చుట్టూ కూర్చున్నారు. వారిలో చాదర్‌ఘాట్ చెంత నది ఒడ్డున పుట్టి పెరిగిన పదమూడేళ్ళ బాలుడు ఒకడున్నాడు. 2024 శరత్కాలంలో నదీ గర్భంలో ఉన్నవని అక్కడి ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు అతని కుటుంబం నగరం మరో కొసన ఉన్న రెండు గదుల ఇంటికి తరలిపోయింది. తండ్రికి పని దూరమైంది, చెల్లెలికి బడి మారింది. ఆనాటి నుండి ఆ బాలుడు సెలవు రోజులలో కూడా ఇంటికి వెళ్ళడానికి అంత ఉత్సాహం చూపడం లేదు.

"హజ్రత్, మా ఇంటి వెనుక పారేది ఈ నీళ్ళేనా?" అని అతడు అడిగాడు.

మేము ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఈ నీరు గండిపేట దాకా, అనగా ఉస్మాన్‌సాగర్ దాకా వెళుతుంది. అక్కడ ఆగి, శుద్ధి అయి, నగరంలోని కొన్ని నల్లాలకు చేరుతుంది. వానాకాలంలో గేట్లు ఎత్తిన రోజులలో తప్ప ఈ నీరు చాదర్‌ఘాట్ వంతెన చూడదు. అక్కడ ఏడాది పొడవునా పారేది ప్రధానంగా మన ఇళ్ళ నుండి, కర్మాగారాల నుండి వదిలిన మురుగు.

బాలుడు కొంత సేపు మాట్లాడలేదు. "అయితే నది తప్పు లేదు" అన్నాడు చివరికి. ఆ తరువాత చెయ్యి నీటిలో ఉంచి, ఆ చల్లదనాన్ని తన ముఖానికి అద్దుకున్నాడు. ఇల్లు పోయిన దుఃఖాన్ని ఒక ఊట తీర్చదు. అయినా తన ఇంటిని తీసుకుపోయిందని అతడు ఇన్నాళ్ళూ నిందిస్తూ వచ్చిన నదితో ఆ రోజు ఒక సంధి కుదిరినట్లు మాకు తోచింది.

జుహ్ర్ వేళ అయింది. ఆ సన్నని పాయలోనే చెంబుతో పొదుపుగా వుజూ చేసుకున్నాము. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీటిని వృథా చేయరాదన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధను ఇబ్ను మాజా ఉల్లేఖించారు. తరగతిలో ఎన్నో పర్యాయాలు చెప్పిన పాఠమే. నది పుట్టే చోట చెప్పినప్పుడు పిల్లలు చెంబును మరింత వంచి పట్టుకున్నారు. ఎండుటాకుల మీదనే చాపలు పరచి జమాఅత్ నిలబడ్డాము. సజ్దాలో నుదురు ఆనించగానే చాప క్రింద ఆకులు నలిగిన చప్పుడు వరుస వరుసగా వినిపించింది. ఆ చప్పుడు తప్ప అడవిలో మరో ధ్వని లేదు.

ఈ నిశ్శబ్దం శాశ్వతమని ఎవరూ భరోసా ఇవ్వలేరు. ఇదే జిల్లాలోని దామగుండం అడవిలో జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అందుకు సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి కేటాయించారు. దేశ రక్షణకు అది అవసరమని ప్రభుత్వం అంటున్నది. మూసీ పుట్టిల్లు దెబ్బతింటుందని పర్యావరణ ప్రియులు ఆందోళన చెందుతున్నారు. రక్షణ అవసరమైనదే, నీరూ అవసరమైనదే. పోయిన ప్రతి చెట్టుకూ లెక్క అడిగే హక్కు, నాటిన ప్రతి మొక్కా బ్రతికిందా అని చూసే బాధ్యత ఆ నీరు త్రాగే వారందరిదీ. కొండకు ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్నామన్న సాకు చెల్లదు, నల్లా తిప్పితే వచ్చేది ఆ కొండ కూడా.

ఇక పెద్ద నిర్ణయాలు మన చేతిలో లేకపోయినా, చిన్నవి ఉన్నాయి. బాటకు ఇరువైపులా మేము చూసిన ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ పొట్లాలు, పొయ్యి పెట్టి వదిలిన నల్లని రాళ్ళు ఏ ప్రభుత్వమూ వేసినవి కావు. కుటుంబాలతో వచ్చిన మనబోటి వారే వేసి వెళ్ళారు. పిల్లలు తిరుగు ప్రయాణానికి ముందు మూడు సంచులు నింపారు. సోదర సోదరీమణులారా! మీరు అనంతగిరికి వెళ్ళదలచితే సెలవు రోజు కాక మామూలు రోజున వెళ్ళండి, నిశ్శబ్దం దొరుకుతుంది. వంట ఇంటి వద్దనే చేసుకొని తీసుకువెళ్ళండి. మాఘం నుండి వైశాఖం దాకా అడవి నేల అంతా ఎండు వత్తి వంటిది, ఒక్క నిప్పురవ్వ చాలు. తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి తీసుకువెళ్ళండి. దారికి సమీపాన ఆలయానికి వచ్చే భక్తులుంటారు, తండాల వారుంటారు. వారందరికీ అది ఇంటి ముంగిలి. అతిథి మర్యాద పాటించండి.

జూన్‌లో తొలకరి పడిన పది రోజులకే ఆ మోడులన్నీ చిగురిస్తాయని స్థానికులు చెప్పారు. ఆ చిగురు కొరకు వేసవి అంతా తమలోని తడిని దాచుకొని నిలబడే చెట్లవి. వాటి క్రింద దాగి ఉన్న ఊటను మన పిల్లల పిల్లలకు చెక్కుచెదరకుండా అప్పగించవలసిన అమానతు మన మీద ఉన్నది. అల్లాహ్ ఆ అమానతును నెరవేర్చే సద్బుద్ధిని, శక్తిని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.