నర్సు చదువుకు అప్పు: ఏ జీతంతో సరిచూడాలి?

ఆడపిల్లను బి.ఎస్సీ. నర్సింగులో చేర్పించదలచిన ఇళ్లలో సాగే లెక్కలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఒక పక్క నాలుగేళ్ల చదువుకయ్యే ఖర్చు. మరో పక్క, దూరపు బంధువుల కోడలెవరో జర్మనీలోనో, దుబాయిలోనో తెచ్చుకుంటున్న జీతం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అప్పు ఆవగింజంతగా కనిపిస్తుంది. తండ్రి సంతకం చేస్తాడు, పిల్లా చేస్తుంది. కూడికలు, తీసివేతలు సరిగానే ఉంటాయి. ఎటొచ్చీ, లెక్కకు తీసుకున్న జీతమే సరైనది కాదు. ఆ జీతం చేతికందేనాటికి అప్పు ఎంత పెరిగి ఉంటుందన్న ప్రశ్న ఆ పూట ఎవరికీ తోచదు.

ఈ అప్పు మరీ పాత ఆచారమేమీ కాదు. పూర్వం ప్రభుత్వ ఆసుపత్రులకో, మిషను ఆసుపత్రులకో అనుబంధంగా ఉండే నర్సింగు పాఠశాలల్లో చేరిన పిల్లకు బసా, భోజనమూ, కొద్దిపాటి స్టయిపెండూ దొరికేవి. బదులుగా ఆమె రేయింబవళ్లు వార్డుల్లో చాకిరీ చేసేది. అది ఘనమైన ఏర్పాటని ఎవరూ అనలేరు. చదువు పేరిట చవకగా పని చేయించుకోవడం అందులో ఎంతో కొంత ఉంది. అయినా చదువు ముగించి బయటికి వచ్చేనాటికి ఆ పిల్ల ఎవరికీ బాకీ ఉండేది కాదు. నర్సింగులో డిగ్రీ చదువు మన దేశంలో 1946లో ఢిల్లీలోనూ, వేలూరులోనూ మొదలయింది. కాలక్రమాన ప్రైవేటు కళాశాలలు వెలిశాయి. వాటితో ఫీజులూ, ఫీజుల వెంట బ్యాంకులూ వచ్చాయి.

బ్యాంకుల విద్యారుణ పథకం 2001లో రూపు దిద్దుకొన్నది. నాలుగు లక్షల రూపాయల దాకా తాకట్టు అక్కరలేదు. చదువుతున్నంత కాలమూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కరలేదు. ఇది మంచి సదుపాయమే. కాని వాయిదా ఆగుతుందే తప్ప వడ్డీ ఆగదు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఏటా మొదట్లో లక్ష చొప్పున నాలుగేళ్లకు నాలుగు లక్షలు. వడ్డీ నూటికి ఏడాదికి పది. మొదటి ఏడు తెచ్చిన లక్షకు నాలుగేళ్ల వడ్డీ, చివరి లక్షకు ఒక ఏడాది వడ్డీ, ఇట్లా కూడితే చదువు ముగిసేనాటికి లక్ష రూపాయల వడ్డీ తేలుతుంది. గడువు ఏడాదికి మరో నలభై వేలు. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 5,40,000 అన్నమాట. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,136 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్లకు పొడిగిస్తే 5,803కు దిగుతుంది. కాని పదేళ్ల పద్ధతిలో మొత్తం ఎనిమిదిన్నర లక్షలు కడితే, పదిహేనేళ్ల పద్ధతిలో పది లక్షల నలభై వేల పైచిలుకు కట్టవలసి వస్తుంది. నెలనెలా దక్కిన ఊరటకు ధర దగ్గర దగ్గర లక్షా తొంభై వేలు!

ఇప్పుడు జీతం సంగతి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 జనవరిలో న్యాయస్థానం ఆదేశించగా కేంద్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. రెండు వందల పడకలకు మించిన ఆసుపత్రిలో నర్సుకు రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలనీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలో సైతం 20,000కు తగ్గరాదనీ ఆ సంఘం చెప్పింది. అయితే అది సిఫారసు. కేరళలో నర్సులు ఏళ్ల తరబడి ఆందోళన చేసిన పిమ్మట, 2018లో గాని 20,000 కనీస వేతనంగా ప్రభుత్వ ప్రకటనలోకి ఎక్కలేదు.

కొత్తగా చేరిన పిల్లకు 15,000 ఇచ్చారనుకొందాం. వాయిదా పోను మిగిలేది 7,864. నగరంలో హాస్టలుకూ, భోజనానికీ, బస్సుకూ అది చాలితే చాలినట్లు. ఢిల్లీ ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలో ఉద్యోగం దొరికితే ఏడవ వేతన సంఘం ప్రకారం మూలవేతనమే 44,900. అక్కడ ఈ వాయిదా ఒక లెక్కలోది కాదు. ఒకే పట్టా, ఒకే అప్పు. ఒకరికి భుజం మీద తువ్వాలు, మరొకరికి బండెడు బరువు!

విదేశాలకు పోవాలన్నా దారి ఈ తక్కువ జీతపు వార్డు గుండానే సాగుతుంది. గల్ఫ్ ఆసుపత్రులు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతాయి. ఆ అనుభవం కోసం పిల్ల తప్పనిసరిగా తమ వద్ద ఉంటుందని ఇక్కడి యజమానులకు తెలుసు. జీతం పెరగకపోవడానికి అదొక కారణం. వెళ్లిపోకుండా అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకొన్న ఆసుపత్రులు కూడా ఉండేవి. 2011, 2012 సంవత్సరాల్లో నర్సులు సమ్మెలకు దిగినప్పుడు ఈ సంగతి దేశమంతటికీ తెలిసింది. జర్మనీకి పోయేవారికి ఇవిగాక భాష నేర్చుకొనే నెలలు. ఇవన్నీ ముగిసేసరికి చదువు పూర్తయి మూడేళ్లు దాటుతుంది. వడ్డీ అప్పటికి ఏడేళ్లుగా నడుస్తూనే ఉంటుంది.

తొందర పుట్టేది ఇక్కడే. తొందర ఉన్నచోట దళారి ఉంటాడు. కువైట్ ఉద్యోగాల పేరిట 19,500 రూపాయలు పుచ్చుకోవలసిన ఒక ఏజెన్సీ, ఒక్కొక్క నర్సు నుంచి పందొమ్మిదిన్నర లక్షలు వసూలు చేసిందన్న ఆరోపణపై 2015లో కొచ్చిలో సి.బి.ఐ. కేసు పెట్టింది. చదువుకు చేసిన అప్పు తీర్చుకొనే ఆత్రంలో, అంతకు నాలుగైదింతల అప్పు! ఆ ఏడాదే కేంద్రం, గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. తెలుగు రాష్ట్రాల్లో విదేశీ ఉద్యోగాలకు తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. సంగతి తెలియక, మధ్యవర్తి ఇంటి చుట్టూ తిరిగేవారు నేటికీ ఉన్నారు.

మరొక చిక్కు పెళ్లి. బ్యాంకు పుస్తకంలో ముఖ్య ఋణగ్రహీత తండ్రి కాదు, విద్యార్థినే. తండ్రి సహ ఋణగ్రహీత మాత్రమే. పెళ్లిచూపుల్లో పిల్ల జీతం అడిగిన వారు వాయిదా మాట వినగానే ముఖాలు చూసుకొంటారు. "పెళ్లయిన తరువాత ఆ అప్పు మీదేనా, మాదా అండీ?" అని మర్యాదగానే అడుగుతారు. జీతం తమదవుతుందా అన్న అనుమానం మాత్రం వారికి ఉండదు. ఆ బేరంలో బాకీ తీరేదాకా పెళ్లి వాయిదా వేసుకొన్న పిల్లది మొండితనమని బంధువులంటారు గాని, లెక్క తెలిసినది ఆమె ఒక్కతే.

ఇంతకీ అప్పు చేయరాదా అంటే, అట్లా అనడానికి వీలులేదు. నాలుగు ఎకరాల కౌలు మీద బతికే ఇంటికి ఇంతకన్నా గట్టి చదువు అరుదు. చదువు కాలంలోనే వడ్డీ మటుకు కట్టుకోగలిగితే, మొదటి ఏడు నెలకు 833, నాలుగో ఏడు 3,333 అవుతుంది. అప్పుడు బాకీ నాలుగు లక్షల దగ్గరే నిలిచి పదేళ్ల వాయిదా 5,286కు తగ్గుతుంది. ఏటా ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్న కుటుంబాల పిల్లలకు ఈ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009-10లో వచ్చింది. అయితే కళాశాలకు కూడా షరతులున్నాయి గనుక, చేరక ముందే ఆ కళాశాల పేరు చెప్పి బ్యాంకులో అడగాలి.

కళాశాలలో అడగవలసినది మరొకటి ఉంది. రంగుల పుస్తకంలో లండన్ వెళ్లిన పిల్ల ఫొటో ఉంటుంది. దానిని పక్కన పెట్టి, కిందటేడు పట్టా పుచ్చుకొన్న వారిలో నలుగురి చిరునామాలు సంపాదించాలి. ఏ ఆసుపత్రిలో ఉన్నారు, నెలాఖరుకు చేతికి ఎంత వస్తున్నది, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి అని తండ్రి కాక, చేరబోయే పిల్లే వెళ్లి అడగడం మంచిది. అక్క వరసైన మనిషి నైట్ డ్యూటీ దిగి, టీ తాగుతూ చెప్పే జవాబును నోట్‌బుక్కులో రాసుకొని, దాని పక్కన వాయిదా అంకె వేసి చూసుకోవచ్చు.