తేటనీళ్ళలో ఏముంటది?

మా తొమ్మిదో తరగతి సైన్సులో మిశ్రమాల పాఠం అయిపోయింది. అవలంబనం, కాంజికాభం, ద్రావణం అని మూడు పేర్లు. బట్టీ పడితే పరీక్షలో మార్కులు వస్తయి. కానీ ఈ మూడూ మనం తాగే కడవలోనే ఉన్నయని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

వానకాలంలో సోమశిల దగ్గర కృష్ణను చూసినవాళ్ళకు తెలుసు, నీళ్ళు ఎర్రగా మడ్డిగా ఉంటయి. గ్లాసులో పట్టి పెడితే ఇసుక వెంటనే అడుగుకు పోతుంది. అది అవలంబనం. సన్న బంకమన్ను మాత్రం ఎంతసేపైనా దిగదు. ఆ రేణువుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటయి. దగ్గరికి రావు, గుంపు కావు, బరువెక్కవు. ఇది కాంజికాభం లెక్క.

మా చెంచు పెంటలో దీనికి చిల్లగింజ వాడుతరు. మా అవ్వ కడవ లోపలి వైపు గింజను తడిపి అరగదీసి, మీద వాగునీళ్ళు పోస్తది. తెల్లారేసరికి మన్ను అడుగున, తేట పైన. గింజలోని పదార్థాలు మన్ను రేణువులను ఒకదానికొకటి అతికిస్తయి. పట్నాల నీళ్ళ ట్యాంకుల దగ్గర పటిక చేసేది కూడా అదే పని. చిల్లగింజను సంస్కృతంలో కతకం అంటారట, సుశ్రుత సంహితలో కూడా ఉందట. గింజతో నీళ్ళు బాగైతయా అని నవ్విన అక్కలు ఈ పేరా రెండుసార్లు చదవాలె.

ఇక్కడిదాకా మా అవ్వదే గెలుపు. కష్టమైన సంగతి ఇప్పుడు వస్తది.

"తేటగుంటే మంచినీళ్ళే బిడ్డా" అంటది అవ్వ. పోయిన వానకాలం మా తమ్ముడు వాంతులు, విరేచనాలతో మూడు రోజులు దవాఖానల ఉన్నడు. వాడు తాగిన నీళ్ళు కూడా తేటవే. రోగం తెచ్చే క్రిములు కంటికి కనిపించవు. అవి కాగబెడితే చస్తయి. కానీ కాగబెట్టినా పోనివి ఉన్నయి. అవే నీళ్ళలో కరిగినవి. అసలు ద్రావణం అంటే అదే. అందులో రేణువు ఒక నానోమీటరు కంటే చిన్నది, అంటే మీటరులో వంద కోట్లవ వంతు కంటే తక్కువ. బట్టలో ఆగదు, అడుగుకు దిగదు, టార్చిలైటు వేసినా లోపల వెలుగు దారి కనిపించదు.

మన పక్క నల్లగొండ జిల్లాలో జరిగింది ఇదే. అక్కడి రాళ్ళలోంచి ఫ్లోరైడు భూమిలోని నీళ్ళలో కరిగింది. బోరునీళ్ళు అద్దం లెక్క ఉండేవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు అంతకంటే ఎక్కువ తాగి ఎంతోమందికి పండ్లు గారపట్టినయి, ఎముకలు వంగినయి. కాగబెడదామంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఫ్లోరైడు గిన్నెలోనే ఉండి గాఢత ఇంకా పెరుగుతుంది. నాగపూర్ లోని శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును పట్టి అడుగుకు దించే పద్ధతి కనిపెట్టిన్రు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా పేరు ఇట్ల సైన్సులోకి ఎక్కడం నాకు సంతోషం అనిపించలేదు. 2016లో మిషన్ భగీరథ మొదలైనంక నదుల నీళ్ళు శుద్ధి చేసి ఊళ్ళకు పంపుతున్నరు. మన కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు నుంచి కూడా కృష్ణ నీళ్ళు అట్లనే పోతయి.

దసరా సెలవుల్లో ఇదంతా అవ్వకు చెప్పిన. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పాలంటే నోరు రాదు. అవ్వ కోపం చేయలేదు గానీ, "కండ్లకు కనపడనిది ఉందని ఎట్ల నమ్మాలె?" అన్నది. చారెడు నీళ్ళల్ల ఉప్పు కలిపి, మూత మీద పోసి పొయ్యి మీద పెట్టిన. నీళ్ళు పోయి తెల్లగ ఉప్పు పేరుకున్నది. అవ్వ దాన్ని గోటితో గీకి నాలుక మీద పెట్టుకుని, "తేనెల చక్కెరపాకం కలిపినట్టా?" అన్నది.

అంతే అవ్వా, అన్న. నాకు అంత మంచి ఉదాహరణ పుస్తకంలో కూడా దొరకలేదు.

ఇప్పుడు అవ్వ చిల్లగింజ మానలేదు. తేర్చినంక కాగబెడుతున్నది. మా పెంట బోరునీళ్ళలో ఏం కరిగిందో మాత్రం ఎవరూ పరీక్ష చేయలేదు. మా సైన్సు టీచరు ఒక సీసాలో నీళ్ళు తెమ్మన్నరు, సంక్రాంతికి పోయినప్పుడు తెస్తాను. మీ తండాల, గూడేల నీళ్ళు కూడా తెస్తే అన్నీ కలిపి పరీక్షకు పంపుదామన్నరు. సీసా మీద ఊరి పేరు, బోరో వాగో రాయాలె.

సైన్సు గది కిటికీలో మడ్డినీళ్ళ గ్లాసులు మూడు పెట్టిన. ఒకటి ఉత్తది, ఒకటి పటికది, ఒకటి చిల్లగింజది. చూడండి గానీ కదిలించొద్దు, ఉత్తది ఇంకా తేరలేదు.