కెరటాల మీద ‘ఎమ్డెన్’ నీడ

మచిలీపట్నం నుంచి భీమవరం వెళ్లే దారిలో కృత్తివెన్ను దగ్గర దిగితే ఎటు చూసినా చేపల, రొయ్యల చెరువులే. ఇంకా ముందుకెళ్తే కొల్లేటి నీటిని మోసుకొచ్చే ఉప్పుటేరు ఒకవైపు, సముద్రం మరోవైపు... మధ్యలో దీవిలాంటి చినగొల్లపాలెం. ఒడ్డును కోసుకుపోతున్న కెరటాలు. కనుచూపు మేరా బంగాళాఖాతమే. 1914 సెప్టెంబరులో ఈ సముద్రంలోనే ఓ ఒంటరి జర్మన్ యుద్ధనౌక వేటాడిందంటే నమ్మబుద్ధికాదు!

దాని పేరు ఎమ్డెన్. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. బ్రిటిష్ సరకు ఓడల్ని వరసపెట్టి ముంచాడు. అయితే ముంచేముందు అందులోని మనుషుల్ని దింపి, వేరే ఓడలో క్షేమంగా పంపేవాడు. సెప్టెంబరు 22 రాత్రి, అప్పటి మన రాజధాని మద్రాసు మీద గుళ్లు కురిపించాడు. చమురు ట్యాంకులు భగ్గుమన్నాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దెబ్బకు ఎమ్డెన్ కథ ముగిసింది.

మరి పట్టుబడినవాళ్లు? అధికారుల కత్తులు వాళ్ల దగ్గరే ఉంచండని లండన్ నుంచి ఆదేశం వచ్చింది. వీరులకిచ్చే మర్యాద అది. ముల్లర్‌ని మాల్టాలో, 1916 నుంచి ఇంగ్లండ్‌లోని సట్టన్ బానింగ్టన్ శిబిరంలో ఉంచారు. 1917లో తోటి ఖైదీలతో కలిసి సొరంగం గుండా పారిపోయి, మళ్లీ దొరికాడు. మలేరియా ముదరడంతో 1918లో చికిత్సకు నెదర్లాండ్స్ పంపారు. 1923లో స్వదేశంలోనే కన్నుమూశాడు.

అదే ఎమ్డెన్‌లో పనిచేసిన మరో అధికారి యూలియస్ లౌటర్‌బాక్‌ది ఇంకో కథ. అతణ్ని సింగపూర్ టాంగ్లిన్ శిబిరంలో పెట్టారు. 1915 ఫిబ్రవరి 15న అక్కడి భారతీయ సిపాయిలు తిరగబడ్డారు. శిబిరం తలుపులు తెరిచారు. ఆ సందట్లో లౌటర్‌బాక్ తప్పించుకుని, చైనా, అమెరికాల మీదుగా జర్మనీ చేరాడు. తిరగబడ్డ సిపాయిల్లో 47 మందిని మాత్రం జనం చూస్తుండగా గోడకు నిలబెట్టి కాల్చేశారు.

ఓడలు ముంచిన శత్రువుకు కత్తి దక్కింది. తమ కొలువులోని సిపాయికి తూటా మిగిలింది. దొరల మర్యాద ఎవరిదాకా వచ్చి ఆగిందో ఇంతకంటే చెప్పాలా?

చెన్నై వెళ్తే హైకోర్టు ప్రహరీ దగ్గర కాసేపు ఆగండి. ఎమ్డెన్ గుండు తగిలిన చోట శిలాఫలకం ఉంది. దాన్ని చదువుతున్నప్పుడు ఆ 47 మందినీ ఓసారి తలుచుకోండి.