మ్యూనిక్‌లో ఒక గది

అక్టోబరు దగ్గరపడేసరికి మ్యూనిక్‌లో ఇల్లు చూపిస్తామన్న చోటల్లా మెట్ల మీద మనుషులు బారులు తీరి ఉంటారు. యజమాని తలుపు తీసి నలుగురైదుగురిని లోపలికి పిలుస్తాడు. ఒక గది, ఒక కిటికీ, ఓ స్నానాలగది చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాసేపట్లో అసలు చూసేది యజమానే, మనల్ని.

అందరి చేతుల్లోనూ ఫైళ్లుంటాయి. మూడు నెలల జీతం స్లిప్పులు, షూఫా సంస్థ ఇచ్చే అప్పుల చరిత్ర పత్రం, బాకీ ఏమీ లేదని పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం. ఖమ్మం నుంచో కడప నుంచో కొత్తగా దిగిన కుర్రాడి ఫైలులో అడ్మిషన్ లెటరు, బ్లాక్డ్ అకౌంటు కాగితం తప్ప ఏముంటాయి? ఎన్నడూ ఎవరికీ రూపాయి ఎగ్గొట్టని పిల్లవాడు, ఆ మాట చెప్పే కాగితం లేక వెనక్కి తిరగడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఇక్కడికొచ్చాక అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే చేతికొస్తాయి. ప్రకటనలో కనబడేది చాలాసార్లు కోల్డ్ రెంటు. హీటింగు, నీళ్లు, చెత్త, మెట్లు శుభ్రం చేసే ఖర్చు కలిస్తే వార్మ్ రెంటు. కరెంటు, ఇంటర్నెట్టు చాలాచోట్ల దానికీ బయటే. డిపాజిట్ మూడు నెలల కోల్డ్ రెంటుకు మించకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. కానీ వెనక అంతమంది నిలబడి ఉండగా వాయిదాల మాటెత్తడానికి ఎవరికి నోరొస్తుంది? అందుకే ఊరి నుంచి ఫోన్ చేసే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే: బ్లాక్డ్ అకౌంటు కాక, డిపాజిట్‌కని కొంత డబ్బు విడిగా ఇచ్చి పంపండి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు వంటగట్టు, సింకు, స్టవ్వు కూడా ఊడదీసుకుపోవడం ఇక్కడ మామూలే. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇల్లు దొరికితే సరిపోదు, ఆ చిరునామా నగర కార్యాలయంలో రెండు వారాల్లో నమోదు చేయించుకోవాలి. యజమాని సంతకం చేసిన కాగితం లేనిదే అది జరగదు. పన్ను నంబరు ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది. అది లేకపోతే పార్ట్‌టైం జీతంలో కోత ఎక్కువ పడుతుంది. వీసా పొడిగింపుకూ ఆ నమోదే ఆధారం. ఇదంతా తెలిసి కూడా, ‘రిజిస్ట్రేషన్ కుదరదు’ అని ముందే చెప్పే గదుల్లోకి పిల్లలు వెళ్తుంటారు. “అక్కా, చలి ముదిరేలోగా తలదాచుకుంటే చాలు, తర్వాతి సంగతి తర్వాత” అన్నాడొక కుర్రాడు. యజమాని వేరే దేశంలో ఉన్నాడు, అడ్వాన్సు పంపితే తాళంచెవి కొరియర్లో వస్తుంది అని నమ్మించే మోసగాళ్లకు చిక్కేది కూడా ఈ ఆత్రంలోనే. ఇల్లూ మనిషీ కంటికి కనబడందే ఒక్క యూరో కూడా పంపొద్దని వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతూనే ఉంటాను.

జర్మనీలో సగం కంటే ఎక్కువ కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉంటాయి. ఒకసారి ఒప్పందం కుదిరిందంటే సరైన కారణం లేకుండా ఖాళీ చేయించడం యజమాని తరం కాదు. మా మెట్ల కింది ఇంట్లో ఉండే పెద్దావిడ పాత అద్దెకే నిశ్చింతగా ఉంటోంది. ఆ రక్షణ ఆమెకు ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ గోడ లోపల ఉన్నవాళ్లకు ఎంత భద్రమో, బయటి నుంచి వచ్చేవాళ్లకు అంత ఎత్తు. కొత్త అద్దెలకు కళ్లెం వేస్తూ 2015లో చట్టం తెచ్చారు. స్థానికంగా నడిచే అద్దె కంటే 10 శాతానికి మించి అడగకూడదు. అయితే 2014 అక్టోబరు తర్వాత వాడకంలోకి వచ్చిన కొత్త ఇళ్లకు అది వర్తించదు. ఓ మంచం, ఓ బీరువా పెట్టి ఫర్నిష్డ్ అంటే ఎక్కువ వసూలుకు దారి దొరికినట్టే. విద్యార్థి హాస్టళ్లున్నాయి గానీ వెయిటింగ్ లిస్టు సెమిస్టర్ల తరబడి సాగుతుంది. ఫ్రైమాన్ ప్రాంతంలో ‘విద్యార్థి నగరం’ అనే హాస్టళ్ల సముదాయంలో 2021లో అగ్నిప్రమాదం జరిగాక పెద్ద భవనాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. పిల్లలు తెలిసినవాళ్ల సోఫాల మీద పడుకుంటున్న ఊళ్లో అన్ని గదులు అలా మూతపడి ఉండడాన్ని నేను సరిపెట్టుకోలేను.

పేరు సంగతి ఇంకా బాధ. 2017లో బవేరియా ప్రసార సంస్థ, ష్పీగెల్ పత్రిక కలిసి పది నగరాల్లో కల్పిత పేర్లతో దాదాపు 20,000 దరఖాస్తులు పంపి చూశాయి. జర్మన్ పేర్లకు వచ్చినన్ని పిలుపులు అరబ్బు, టర్కీ పేర్లకు రాలేదు. ఇది చదివినప్పుడు నాకు హైదరాబాద్ టూలెట్ బోర్డులు కళ్లముందు మెదిలాయి. “మీరేమిట్లు? మాంసం వండుతారా?” అని గుమ్మంలోనే ఆరా తీసే ఊరు మనది. ఆ ప్రశ్న తగిలినవాళ్లకు ఇక్కడి మౌనం కొత్త కాదు. ఆ ప్రశ్న వేసిన ఇంట్లో పెరిగిన పిల్లలు మాత్రం మొదటిసారి గుమ్మం బయట నిలబడుతున్నారు. ఇక్కడ మనవాళ్లే గది ఖాళీ ఉందని చెబుతూ శాకాహారులకే అని షరతు పెడితే నాకు మనసు చివుక్కుమంటుంది.

నేను చూసినంతలో మనవాళ్లకు అందుబాటు అద్దెకు దొరికిన గదులన్నీ ఒక మనిషి మాట మీద దొరికినవే. ఇక్కడ అద్దెదారు ఖాళీ చేయాలంటే మామూలుగా మూడు నెలల ముందు నోటీసివ్వాలి. ఆ వ్యవధిలో తన తర్వాత ఎవరు వస్తే బాగుంటుందో యజమానికి చెప్పొచ్చు. ఒప్పుకోవాలని యజమానికి నిబంధనేమీ లేదు. అయినా ఏళ్లుగా ఒకటో తేదీకే అద్దె వేసిన మనిషి ‘ఈ అబ్బాయి నాకు తెలుసు’ అంటే చాలామంది వింటారు. షూఫా పత్రం లేని పిల్లవాడికి ఆ ఒక్క మాటే ఫైలు. మ్యూనిక్ పక్కనున్న డాఖావ్‌లో ఒక ముసలాయన అలాగే మనమ్మాయికి గది ఇచ్చాడు. నమోదు కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టాడు.

గార్షింగ్ వైపు గానీ, ఫ్రైజింగ్ రైలు దారిలో గానీ ఇల్లు ఖాళీ చేసే ఆలోచనలో ఎవరైనా ఉంటే, నోటీసు ఇచ్చే ముందు నాకొక మాట చెప్పండి. ఇద్దరు పిల్లలు ఇంకా హాస్టల్ వెయిటింగ్ లిస్టులోనే ఉన్నారు.