మంచుమీది వేటకు పాదరక్షలు

చేపలవేటకు తొడుగుకొను బూట్లను గూర్చి ఈ సంచికలో వ్యాసమేల యని చదువరులకు తోచవచ్చును. గంజాం జిల్లాలో పుట్టి పెరిగిన మాకు చేపలవేట యనగా గోపాలపురము సముద్రతీరమే. అక్కడి మన తెలుగు జాలరులు పుష్యమాసపు తెల్లవారుజామున సయితము వట్టికాళ్లతో ఇసుకలో నిలిచి పడవలు నీటిలోనికి నెట్టుచుందురు. తడి యిసుకలో పాదరక్ష వారికి అడ్డమే గాని రక్ష కాదు. కాని నేడు మన ప్రవాసాంధ్ర కుటుంబములలో అనేకుల పిల్లలు సముద్రములు దాటి చలిదేశములలో కాపురములు పెట్టిరి. తలిదండ్రులమగు మేము వారి యిండ్లకు పోయి కొన్ని మాసములుండి వచ్చుట మామూలైనది. అట్లు పోవువారికి పనికివచ్చునను తలంపుతో, మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తా కొలువులో జీవితము గడపిన మేము, చూచినదానిని విన్నదానిని వ్రాయుచున్నాము.

2025 జనవరిలో మేము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున మా కుమారుని యింట నుంటిమి. ఆ రాష్ట్రమున సరస్సులు పదివేలకు పైబడి యున్నవి. శీతకాలమున అవి గడ్డకట్టగా జనులు వానిపై నడచిపోయి, వడ్రంగి బర్మా వంటిదే గాని మనిషి ఎత్తులో సగముండు బర్మాతో రంధ్రము చేసి, మూరెడు గాలపుకఱ్ఱతో చేపలు పట్టుదురు. మిల్ లాక్స్ అను సరస్సు సుమారు 200 చదరపు మైళ్ల వైశాల్యము గలది. చలికాలమున దానిపై చిన్న చిన్న గదులు వెలసి దూరమునకు ఒక పల్లెవలె కనబడును. "తాతయ్యా, శనివారం నువ్వూ రావాలి" అని పదేండ్ల మా మనుమడు పట్టుపట్టెను.

మాకు చాలకాలముగ మధుమేహము కలదు. అరికాళ్లలో స్పర్శ సగము పోయినది. మా గృహిణి ఈ మాట విని, "మీ కాళ్లకు చలి తెలియదు. తెలిసేసరికి వేళ్లు చచ్చుబడిపోతాయి. ఇంట్లో కూర్చోండి" అనెను. అది కొట్టివేయదగిన మాట కాదు. స్పర్శ యున్నవానికి చలి ముందు నొప్పిగ వచ్చి హెచ్చరించును. మావంటివారికి ఆ హెచ్చరిక రాదు. చర్మము తెల్లబడి మైనమువలె బిగిసిపోవుచున్నను, మనము హాయిగ కూర్చుండియే యుందుము. అక్కడి వైద్యుని అడుగగా, బూట్లు సరియైనవైనచో, గంటలకొలది కూర్చుండనిచో, పోవచ్చుననెను. ఆ మొదటి షరతు కొఱకు మేము దుకాణమునకు పోతిమి.

అమ్మువాడు గోధుమవన్నె తోలుజోడొకటి తెచ్చి, సున్నకు దిగువ 40 డిగ్రీల వఱకు భయము లేదని దానికి కట్టిన చీటీ చూపెను. మాతో వచ్చిన ప్రక్కయింటి వృద్ధుడు, చిన్ననాటినుండి మంచుమీద గాలము వేసినవాడు, ఆ చీటీని చదువనే లేదు. ఈయన వీనితో నడచునా, కూర్చుండునా యని మాత్రము అడిగెను. విచారింపగా విషయమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. బూటు వేడిని పుట్టింపదు. పాదము తెచ్చుకొన్న వేడిని పోనీయక పట్టియుంచును. నడచువాని కండరములు పనిచేయుచుండుటచే పాదములకు వెచ్చని రక్తము చేరుచుండును. బోర్లించిన బకెట్టుపై కదలక కూర్చున్నవానికి ఆ జమ తగ్గిపోవును, ఖర్చు మాత్రము తగ్గదు. చీటీమీది అంకె నడచువానికి వేసినదో కూర్చున్నవానికి వేసినదో చీటీ చెప్పదు. ముప్పదియైదేండ్లు లెక్కలు చూచిన మాకు, ఏ పద్దు క్రిందిదో చెప్పని అంకెపై నమ్మకము కుదురలేదు.

లోపలి పొరల మందమును వారు గ్రాములలో చెప్పుదురు. అది బూటు బరువు కాదు; లోపల కుట్టిన పీచుపొర చదరపు మీటరుకు తూగు బరువు. 200, 400 గ్రాముల పొర యున్నది వీధిలో తిరుగువానికి చాలును. మంచుపై కూర్చుండువానికి 1000 గ్రాములకు తగ్గరాదనియు, అంతకంటె దళసరి ఫెల్టు తొడుగు మేలనియు వృద్ధుడు చెప్పెను. ఫెల్టనగా నేత లేకుండ అదిమి చేసిన ఉన్ని. ఆ తొడుగు బూటునుండి వెలికి వచ్చునదిగా ఉండవలెనని అతడు మఱిమఱి చెప్పెను.

ఏలయన తడి బయటనుండియే రాదు. రబ్బరు బూటులో నీరు చొరదు, చెమటయు వెలికి పోదు. నడచునప్పుడు పట్టిన చెమట, కూర్చుండగనే చల్లబడి పాదమును పట్టుకొనును. కొరియా యుద్ధములో 1950 నవంబరు, డిసెంబరు మాసములలో చోసిన్ జలాశయము వద్ద అమెరికా సైనికులు రబ్బరు అడుగు, తోలు పైభాగము గల బూట్లతో పోరాడిరి. కొండలెక్కునప్పుడు పట్టిన చెమట, కందకములో నిలువగనే గడ్డకట్టి, వేలకొలది సైనికుల పాదములను చెఱచెను. అటుపిమ్మట ఆ యుద్ధకాలముననే వేఱొక రకము బూట్లు వచ్చినవి. రెండు రబ్బరు గోడల నడుమ ఉన్నిని మూసివేసి, ఎటు తడిసినను ఉన్ని తడియకుండ చేసిరి. ఎలుకబొమ్మ కాళ్లవలె ఉబ్బియుండుటచే వానికి మిక్కీ మౌస్ బూట్లని పేరు వచ్చెను. వానిలోను పాదము చెమర్చును. మేజోళ్లు మార్చుకొనుట తప్పదు.

రబ్బరు, తోలు కలియు కుట్టును వృద్ధుడు గోటితో గీకి చూచెను. మెయిన్ రాష్ట్రమున 1912 లో ఎల్. ఎల్. బీన్ అను నాతడు రబ్బరు అడుగుకు తోలు కుట్టి వేటబూట్లు అమ్మగా, మొదటి నూఱు జతలలో తొంబది జతలు కుట్టు విడిచి తిరిగివచ్చెనట. అతడు సొమ్మంతయు తిరిగి యిచ్చివేసి, మరల చక్కగ చేయించెను. నేటికిని చూడవలసిన చోటు అదియే.

ఇక కొలత. చలికి భయపడి మనవారు రెండు మూడు మేజోళ్లు తొడిగి కాలిని బూటులో, నిండిన ఫైలులో కాగితము కుక్కినట్లు, కుక్కుదురు. అందువలన రక్తము నడువదు; వెచ్చగ నుంచవలసిన గాలికి చోటుండదు. మధుమేహ పాదమునకు ఆ బిగువే పుండు తెచ్చిపెట్టును. దళసరి ఉన్ని మేజోడు ఒక్కటి తొడిగి, ఒక సైజు పెద్దది తీసికొని, లోపల వేళ్లు ఆడించి చూడవలెను. సాయంకాలము పాదములు కొంచెము ఉబ్బును గనుక ఆ వేళ కొలిచి చూచుట మేలు. నూలు మేజోళ్లు మన దేశమున సుఖమే గాని అక్కడ పనికిరావు. తడి పీల్చి వదలవు.

తుదకు చీలమండ దాటువఱకు రబ్బరు, పైన తోలు, లోన ఫెల్టు తొడుగు గల జత కొంటిమి. వానితో నడచిన మొదటి దినమున కాళ్లకు సంకెళ్లు వేసినట్లుండెను. రాత్రి తొడుగు తీసి ఆరబెట్టుట మా కోడలు చూచుకొనెను, నిప్పునకు దూరముగ, గాలి తగులుచోట.

శనివారము మంచు అడుగున్నరకు పైగ నుండెను. మనిషి నడచుటకు గట్టి క్రొత్త మంచు కనీసము 4 అంగుళములుండవలెనని అక్కడి ప్రభుత్వశాఖ వారు చెప్పుదురు. రంధ్రము చేయగనే నీరు పైకి పొంగి చుట్టును బురదవలె నిలిచెను. ఆ మంచుముక్కలను మా మనుమడు చిల్లులగరిట వంటిదానితో తీసివేయుచుండెను. మాకు బూరెలమూకుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ నీటిలోనే కాళ్లు పెట్టుకొని కూర్చుండవలెను గనుక నీరు చొరని అడుగు కావలెను. నున్నని మంచుపై జారకుండుటకు ఇనుపముండ్ల తొడుగు బూటుకు తగిలించిరి. అన్నిటికంటె మాకు మేలు చేసినది పాత తివాచీ ముక్క. ఎంత మందపు అడుగైనను వేడి మంచులోనికి దిగిపోవుచునే యుండును. నడుమ తివాచీ వేసినచో చాల తగ్గును. గోనెపట్టా యున్నచో ఇంకను బాగుండునని అంటిమి. ఆ దేశమున గోనె ఎక్కడ దొరకును?

మా గృహిణి షరతు ఒకటి మిగిలియున్నది. అరగంటకొకసారి గదిలోనికి పోయి బూట్లు విప్పవలెను. మా వేళ్ల మాట మేము చెప్పరాదు, వేఱొకరు కంటితో చూచి చెప్పవలెను. ఆ యధికారము మనుమనికి లభించెను. గదిలో గ్యాసు పొయ్యి యున్నను పాదములు దానికి చేరువగ పెట్టనీయలేదు. స్పర్శ లేని చర్మము కాలినను తెలియదు. వేడిపొట్లములు బూట్లలో పెట్టుకొనుటయు ఆ కారణముననే మాకు నిషిద్ధము. మనుమడు ఒక్కొక్క వేలు నొక్కి చూచి, "పింకుగా ఉన్నాయి తాతయ్యా, ఇంకో అరగంట" అనుచుండెను. మూడవమాఱు ఎడమకాలి చిటికెనవ్రేలు తెలుపెక్కెనని చెప్పి, గాలములు చుట్టించివేసెను. అప్పటికి రెండు చిన్న చేపలు పడియుండెను. ఆ వ్రేలు ఇంటికి చేరుసరికి ఎఱ్ఱబడెను.

బూట్లు అక్కడనే మా కుమారుని బీరువాలో నున్నవి. మా వియ్యంకులు వచ్చు చలికాలమున అక్కడికి పోవనున్నారు. వారి పాదము మాదానికంటె రెండు సైజులు పెద్దది గనుక వారికి వేఱుజత కావలసినదే. తివాచీ ముక్క మాత్రము ఇద్దరికిని సరిపోవును.